కారు కదలకముందే

సూర్యకళ పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, "మంచి మనిషి" అని. నాకు ఒళ్ళు మండింది. పోయిన ప్రతివాళ్ళనీ ఆ ఒక్క మాట కింద పడుకోబెట్టి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. యాభై ఏళ్ళ స్నేహం మాది. మంచి మనిషి కాదని నేననడం లేదు. కానీ అంతకంటే ముందు ఆవిడ మొండి మనిషి. ఆ మొండితనానికి ఏం ఖర్చవుతుందో తెలిసీ మొండికేసిన మనిషి. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు ఈ మాట అనలేకపోయాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మేమిద్దరం కలిసింది పంతొమ్మిదివందల డెబ్భై ఒకటి జూన్‌లో, నాచారంలో. అప్పుడప్పుడే అక్కడ షెడ్లు లేస్తున్నాయి. రోడ్డుకు ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క పొగగొట్టాలు. లారీలకూ ఫ్యాక్టరీ మిషన్లకూ అప్పులిచ్చే పెద్ద ఫైనాన్సు కంపెనీ ఒకటి, మద్రాసులో హెడ్డాఫీసు ఉన్నది, ఆ ఫ్యాక్టరీల మధ్య కొత్తగా బ్రాంచి తెరిచింది. ట్రైనీలుగా ముగ్గుర్ని తీసుకున్నారు. ఒకదాన్ని నేను, మంగతాయారుని. ఏలూరు నుంచి వచ్చి హబ్సిగూడ లాబొరేటరీలో పనిచేసే మా అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. రెండోవాడు త్రిమూర్తులు, అమలాపురం వాడు, తార్నాకలో గది అద్దెకు తీసుకుని మెస్సులో తినేవాడు. మూడో మనిషి సూర్యకళ. చిల్కానగర్ పిల్ల. వాళ్ళ నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగంలోకి వచ్చిన మొదటి మనిషి ఆవిడే.

ఏడాదిపాటు ట్రైనింగు. ఏడాది చివర మేనేజరుకు నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే పొడిగింపు, మరీ నచ్చకపోతే ఇంటికి. మేం ముగ్గురం ఆ పర్మనెంటు కోసమే చేరాం. అందరికంటే ఎక్కువ అవసరం సూర్యకళకే. వాళ్ళ నాయిన ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు, వెనక ఇద్దరు చెల్లెళ్ళు చదువుకుంటున్నారు.

మొదటి రోజంతా బాగానే గడిచింది. మా హాలంతటికీ పెద్ద భూషణం గారు. హెడ్ క్లర్కు. నెమ్మదైన మనిషి. లారీ కాగితాలు ఎలా చూడాలో, ఏ ముద్ర ఎక్కడ వెయ్యాలో ముగ్గురికీ ఓపిగ్గా చెప్పారు. ఐదున్నరకు పక్కనున్న దారం మిల్లు సైరన్ మోగింది. మిల్లు గేటు తెరుచుకుంది, సైకిళ్ళ వరద రోడ్డు మీద పడింది. సూర్యకళ పెన్ను మూసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని లేచింది.

హాల్లో ఇంకెవరూ కదల్లేదు.

"ఎక్కడికమ్మా?" అన్నారు భూషణం గారు, తల ఎత్తకుండానే.

"ఇంటికి సార్. ఐదున్నర అయింది గద."

"అయింది, అయింది. కూర్చో."

"ఇంకేమన్న పనున్నదా సార్?"

"పనంటే..." ఆయన కిటికీ వైపు చూశారు. "సారు ఇంకా లేవలేదు."

"సారుకు పనున్నదేమో. నాదైపోయింది. ఇగో, మీ బల్ల మీదనే పెట్టిన." నమస్కారం పెట్టి, మా అందరి ముందు నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

త్రిమూర్తులు నా వైపు వంగి, "ఈవిణ్ణి రేపటి నుంచి రావద్దంటారు చూడండి," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ఆ ఆఫీసు పద్ధతి మాకు వారం రోజుల్లో పూర్తిగా అర్థమైంది. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నోటితో చెప్పరు. హాలుకు పెద్ద కిటికీ. కిటికీ అవతల వేపచెట్టు. చెట్టు కింద మేనేజరు గంగాధరరావు గారి నల్ల అంబాసిడర్. ఆ కారు కదిలేదాకా హాల్లో ఎవ్వరూ కదలకూడదు. కారు గేటు దాటగానే అందరూ ఒక్కసారే, రాయి పడ్డ చెట్టు మీది కాకుల్లా లేస్తారు. కొన్నాళ్ళు ఆరింటికి, కొన్నాళ్ళు ఏడింటికి. మేనేజరు గారు తన గదిలో ఆ వేళ ఏం చేస్తారో మాకు తెలీదు. గదికి సగం తలుపులు, కింద ఆయన బూట్లు మాత్రం కనిపించేవి. బెల్లు మోగితే తప్ప ఆ తలుపులు తోసుకుని వెళ్ళకూడదు. అదీ ఎక్కడా రాసి లేదు.

పనైపోయాక పని చేస్తున్నట్టు కూర్చోవడం పని చేయడం కంటే కష్టం. త్రిమూర్తులు ఒకే లెక్కను పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి కూడేవాడు. నేను ఫైలు అట్టల మధ్య వారపత్రిక పెట్టుకుని సీరియల్ చదివేదాన్ని. ఫైలు చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్న అమ్మాయిని చూసి భూషణం గారు ఏమనుకునేవారో! ఆయన మాత్రం అచ్చంగా రూళ్ళకర్ర పట్టుకుని కాగితాల మీద గీతలు గీసేవారు. మర్నాటికి పనికొస్తాయనేవారు. ఆయన బీరువాలో ఏళ్ళకు సరిపడా గీతల కాగితాలున్నాయి.

సూర్యకళ మాత్రం రోజూ సైరన్‌కు లేచేది. నాలుగో రోజుకే త్రిమూర్తులు పేరు పెట్టేశాడు. "ఏమండోయ్ సైరన్ గారూ, వేళయిందా?"

"అయింది. నువ్వు జర కూసోని కారుకు కావలుండు. ఎవడన్న ఎత్కపోతడు."

"అంత బరువు కారు ఎవడెత్తుకుపోతాడండీ?"

"మరి గంత మంది ఎందుకు సూస్తున్రు దాన్ని?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. భూషణం గారు దగ్గారు.

ఒకటి చెప్పాలి. ఆవిడ పనిదొంగ కాదు. సెప్టెంబరులో అర్ధ సంవత్సరం లెక్కలు ముగించేటప్పుడు, ఎవరూ అడక్కుండానే తనే ఆగిపోయేది. తెల్లారితే లారీ రోడ్డెక్కాలి, కాగితాలు తయారుకాలేదు అంటే, అవి తయారయ్యేదాకా కుర్చీ వదిలేది కాదు. అలాంటి ఒక రోజు మేనేజరు గారి కారు ముందే వెళ్ళిపోయింది, హాలంతా ఖాళీ అయింది, సూర్యకళ ఒక్కతే కూర్చుని ఉంది. "పనుంటే ఉంట, లేకపోతే పోత. గింతే గద," అనేది. నాకూ గింతే అనిపించేది. కానీ ఆ గింతను పట్టుకుని లేచి నిలబడటం వేరే సంగతి.

మొదట్లో ఆవిణ్ణి దారిలోకి తేవడానికి మంచిగానే ప్రయత్నించారు. ఒకనాడు మధ్యాహ్నం భోజనాల వేళ భూషణం గారు మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. గొంతు తగ్గించి, "చూడమ్మాయ్. నీ పనికి వంక పెట్టను. నువ్వెళ్ళడానికి ఏదో ఒక కారణం చెప్పు. మీ అమ్మకి ఒంట్లో బాగుండదు అను. నేను సారు చెవిన వేస్తాను. ఆయన కాదనరు, దయగల మనిషే," అన్నారు.

"మా అమ్మకేమైంది సార్? పొద్దుగాల్నే లేచి బాయి కాడికెళ్ళి రెండు బిందెలు మోసుకొస్తది. నాకంటే గట్టిగున్నది."

"ఉంటే ఉంటుందిలేమ్మా. ఉత్తినే అను."

"ఉత్తగనే మా అమ్మను మంచం ఎక్కియ్యాల్నా?"

ఆయనకు నవ్వొచ్చింది, చిరాకూ వచ్చింది. "పోనీ, పైన చదువుకోడానికి సాయంకాలం కాలేజీ అను."

"చదువుత లేను గద సార్."

"అయ్యో, అసలు ఇంటికెళ్ళి ఏం చేస్తావే తల్లీ నువ్వు?"

సూర్యకళ కొంచెంసేపు ఆలోచించింది. "ఏం జెయ్య సార్. అరుగు మీద కూసుంట. చాయ్ తాగుత. చెల్లెండ్లతోని కొట్లాడుత."

ఆ సమాధానం భూషణం గారికి మింగుడుపడలేదు. నాకు మాత్రం ఆ రోజంతా చెవుల్లో మోగుతూనే ఉంది. సాయంత్రం మనదని చెప్పుకోవడానికి ఎవరో ఒకరు జబ్బుపడాలా? ఏదో ఒక పరీక్ష ఉండాలా? ఏమీ లేని సాయంత్రం మనది కాదా?

దసరా సెలవుల్లో ఒకరోజు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాయిన వాకిట్లో సైకిలు బోర్లా పడేసి చైను సవరిస్తున్నాడు. మోచేతుల దాకా నల్ల గ్రీజు. నేనెవరో చెప్పగానే, "మంచిగున్నవా బిడ్డా? మా పిల్ల ఆఫీసుల కథలన్ని జెప్తది," అన్నాడు. కథలంటే కారు కథేనని ఆయన కళ్ళలో నవ్వు చూస్తే తెలిసింది.

"మీరేమంటారండీ, అది చేసేదానికి?" అని అడిగాను.

చైను మీంచి చెయ్యి తీయకుండానే చెప్పాడు. "మా షాపుల సైరనైందంటే సుత్తె కింద వెట్టాలె. సగం దెబ్బల ఉన్నా సరే. ఎందుకో ఎరికేనా? సైరనైనంక ఒక్కడు మిషన్ కాడ నిలవడ్డడనుకో, ఫోర్మన్ పక్కోని దిక్కు సూస్తడు. వాడు గూడ నిలవడాలె. రేపటికి మొత్తం షాపు నిలవడాలె. గందుకే అందరం ఒక్కతీర్గ దించుతం."

లోపల్నుంచి వాళ్ళమ్మ రొట్టెలు చరుస్తూ అరిచింది. "నీ సైరన్లు నీ కాడ్నే పెట్టుకో! అది రైలు కార్ఖానా, ఇది ఆఫీసు. పిల్ల నౌకరి ఊడితే నువ్వు తెస్తవా ఇంకోటి?"

"నేనేం జెయ్యమన్ననే? అదే జేస్తున్నది."

"నీ పోలికే గద!" అంది ఆవిడ. వేడి జొన్నరొట్టె నా చేతిలో పెట్టి, నన్నే అడిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా. ఇంకొక్క గంట కూసుంటె ఏం బోతది? కుర్సీ ఏమన్న కరుస్తదా?"

సూర్యకళ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎప్పుడూ ఎదురుమాట తయారుగా ఉండే మనిషి, ఆ ఒక్కసారి తనూ ఓ రొట్టె అందుకుని తుంచుకోసాగింది. వాళ్ళమ్మ భయం ఆవిడకు తెలుసు. ఆ భయం ఇంట్లో తన పక్కనే రోజూ అన్నం తింటోంది. అది తెలియక చేస్తోందనుకున్నవాళ్ళు ఆవిణ్ణి ఎరగరు.

డిసెంబరులో మేనేజరు గారు పిలిచారు. సగం తలుపులు కాబట్టి మాటలన్నీ హాల్లోకి వినిపించాయి. రూళ్ళకర్రలూ పెన్నులూ ఆగిపోయాయి.

గంగాధరరావు గారు గొంతు ఎత్తే మనిషి కాదు. "మీ పని బాగుంటోంది. భూషణం చెప్పాడు. కానీ ట్రైనింగులో నేర్చుకోవలసింది పని ఒక్కటే కాదు. ఆఫీసంటే ఒక కుటుంబం లాంటిది."

"మా ఇంట్ల గూడ కుటుంబమే ఉన్నది సార్. వాళ్ళు గూడ ఎదురుచూస్తరు."

కాగితాలు సర్దిన చప్పుడైంది. మళ్ళీ ఆయనే, "మీరు వెళ్ళడానికి ప్రత్యేకించి కారణం ఏమన్నా ఉందా?" అన్నారు.

"ఐదున్నర అయితది సార్. గదే."

"అందరికీ ఐదున్నర అవుతుంది కదమ్మా."

"అయితది సార్. అందరికి అయితది."

ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అందంటే, హాల్లో మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుని ముద్రలు వేసుకోసాగింది. ముద్ర ఒకటి వంకరగా పడింది. నేను చూశానని గమనించి, "ఏందట్ల సూస్తవు? భయం లేదన్ననా నేను?" అంది మెల్లగా.

ఫిబ్రవరిలో జరిగిన సంగతి లేకపోతే ఈ కథ ఇక్కడితో ఇంకోలా అయిపోయేదేమో.

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరు గారు తన గదిలోనే ఉన్నారనుకున్నాం. తలుపు సందుల్లోంచి లైటు కనిపిస్తోంది, ఫ్యాను తిరుగుతోంది, కారు చెట్టు కింద ఉంది. కారు కనిపిస్తుంటే ఇక తలుపుల కింద బూట్లున్నాయా లేదా అని ఎవరూ చూడలేదు. ఐదున్నరకు సూర్యకళ వెళ్ళిపోయింది. ఆరయింది. ఆరున్నరయింది. భూషణం గారు మామూలుగా కంటే ఎక్కువగా కిటికీ వైపు చూస్తున్నారు. గీతలు వంకర పోతున్నాయి. లేచి నీళ్ళు తాగి వచ్చారు, మళ్ళీ లేచి వెళ్ళి తాగి వచ్చారు. ఏడు దాటింది. వేపచెట్టు కింద చీకట్లో కారు నల్లగా కలిసిపోయింది. మేం దాని వైపే చూస్తున్నాం.

కాసేపటికి వాచ్‌మన్ సాయిలు అన్నం తిని, లాంతరు పట్టుకుని వచ్చాడు. హాల్లో లైట్లన్నీ వెలుగుతుంటే గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంది సార్, అందరు గిట్లనే కూసున్నరు? ఏమన్న మీటింగా?"

"సారు ఇంకా ఉన్నారుగా," అన్నాడు త్రిమూర్తులు.

"ఏ సారు? మన సారా? ఆయన మూడు గంటలకే పాయె! ఎన్క తలుపుకెళ్ళి పోయి మిల్లు సేటు జీపెక్కిండు. కారు బ్యాటరీ కూసున్నదని డ్రైవరు గూడ అప్పుడే ఇంటికి పోయిండు. మీకెవలు జెప్పలేదా?"

సాయిలు మేనేజరు గది తలుపులు తోసి ఫ్యాను కట్టేశాడు. అది ఆగేదాకా టకటకమంటూనే ఉంది. త్రిమూర్తులు నవ్వబోయి, భూషణం గారి మొహం చూసి ఆపేసుకున్నాడు.

ఆయన రూళ్ళకర్ర సొరుగులో పెట్టి, సొరుగు మూసి, అలాగే కూర్చున్నారు. తర్వాత నాతో అన్నారు. "మా తారామణి ఇవాళ ఏడింటి బండికి అత్తారింటికి వెళ్ళిందమ్మా. పిల్లాణ్ణెత్తుకుని. స్టేషన్‌కి నేనొచ్చి ఎక్కిస్తానన్నాను."

కాన్పుకొచ్చిన కూతురు. ఆయనకు మొదటి మనవడు. సికింద్రాబాదు స్టేషన్లో ఆ పిల్ల గేటు వైపు చూస్తూ నిలబడి ఉంటుంది.

"ఒక్కసారి లోపలికెళ్ళి చెప్పి వెళ్ళాల్సింది కదండీ," అన్నాను.

"బెల్లు మోగలేదుగా," అన్నారాయన.

సైకిలు తీస్తూ మా వైపు తిరిగి, "ఈ సంగతి సూర్యకళకు చెప్పకండి," అని మాత్రం అన్నారు.

మేం చెప్పలేదు. తెల్లారి గేటు దగ్గరే సాయిలు చెప్పేశాడు. ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వచ్చింది. ఆగలేక, బల్ల పట్టుకుని నవ్వింది. "బ్యాటరీ లేని కారుకు దండం బెట్టుకుంట కూసున్నరా అందరు? ఓ తాయారూ, నువ్వు గూడనా? సీరియల్ మొత్తం అయిపోయుంటది గద!" నేను ఆవిడ చెయ్యి పట్టి వరండాలోకి లాక్కెళ్ళి రైలు సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. అటు చూస్తే భూషణం గారు తల వంచుకుని గీతలు గీస్తున్నారు.

సూర్యకళ తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది. ఏమంటుందోనని నేనూ వెనకే వెళ్ళాను. "సార్," అంది, "బాబుకేం పేరు వెట్టిన్రు?"

ఆయన చెప్పారు. పుట్టినప్పుడు ఎంత బరువున్నాడో, ఎవరి పోలికో కూడా చెప్పారు. పావుగంట చెప్పారు. ఆవిడ నిలబడి మొత్తం విన్నది. కారు మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం సైరన్ మోగినప్పుడు నేను కూడా లేచాను. సూర్యకళ నా వైపు చూసి, ఏమీ జరగనట్టే, "నడువ్," అంది. నాలుగు రోజుల తర్వాత త్రిమూర్తులు. ఇంకో నెలకు ఇద్దరు గుమాస్తాలు. మేనేజరు గారు ఊరుకోలేదు, ఒక్కొక్కర్నే పిలిచి అడిగారు. నేను మా వదినకు నెలలు నిండాయని చెప్పాను, అది నిజమే. త్రిమూర్తులు మెస్సు ఆరింటికి మూసేస్తారన్నాడు. "ఆరింటికే మూస్తరా? ఏం మెస్సయ్యా అది, జైలా?" అని సూర్యకళ వాణ్ణి వారం రోజులు ఏడిపించింది.

జూన్ వచ్చింది. మా ముగ్గురి ఏడాదీ నిండింది. త్రిమూర్తుల్ని పిలిచి పర్మనెంటు చేశామన్నారు. నన్నూ పిలిచి చేశామన్నారు. చివరికి సూర్యకళని పిలిచారు. అప్పటికి సాయంత్రం ఐదు దాటింది. హాలంతా ఆ సగం తలుపుల వైపే చెవులు పెట్టింది.

గంగాధరరావు గారు ఆ రోజు నిజంగానే దయగా మాట్లాడారు. అది ఒప్పుకోవాలి. "హెడ్డాఫీసుకు నేను రిపోర్టు పంపాలి. మీరు త్వరగా వెళ్ళిపోతున్నారన్నది నేను దాచలేను. కానీ కుటుంబ పరిస్థితుల వల్ల అని రాస్తాను. మీ నాన్నగారి ఆరోగ్యమో, ఏదో ఒకటి. మీరు అవునంటే చాలు. రేపటికి పర్మనెంటు ఐపోతారు."

అవునను, అవునను తల్లీ, అనుకుంటున్నాను. ఆ జొన్నరొట్టె, ఆ గుమ్మం, వాళ్ళమ్మ గొంతు నా కళ్ళముందున్నాయి.

"నేను త్వరగ పోతలేను సార్," అంది సూర్యకళ. "టైముకే పోతున్న."

"అదే, మాటకి అన్నాను."

"మాటకే అనొద్దు సార్. మా నాయినకు ఆరోగ్యం మంచిగున్నది. మా ఇంట్ల ఎవలకేం కాలేదు. పని అయినంక ఇంటికి పోయింది అని రాయున్రి. గదే నిజం."

"అలా రాస్తే పొడిగిస్తారమ్మా. ఇంకో ఏడాది ట్రైనీగానే ఉండాలి. మీ తోటివాళ్ళు మీకంటే పైకి వెళ్ళిపోతారు. ఆలోచించుకున్నారా?"

కొంచెం ఆగింది. ఆ కొంచెంలో ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. రిటైరవబోయే నాయిన ఉన్నాడు, ఇద్దరు చెల్లెళ్ళున్నారు.

"మీరు ఎన్నేండ్లు నేర్పిస్తనంటే గన్నేండ్లు నేర్చుకుంట సార్. కని ఐదున్నర దాంకనే."

పొడిగించారు. ఇప్పుడే చెప్పేస్తాను, ఇంకో ఏడాది తర్వాత కూడా పొడిగించారు. ఆయన బదిలీ అయి కొత్త మేనేజరు వచ్చాకే ఆవిడ పర్మనెంటు అయింది. అప్పటికి మా తర్వాత చేరినవాళ్ళు ఆవిడకు పై మెట్టులో ఉన్నారు. ఆ వెనకబాటు చివరిదాకా తీరలేదు. రిటైరయ్యేటప్పుడు కూడా త్రిమూర్తుల కంటే, నా కంటే ఒక మెట్టు కిందే రిటైరైంది. కొంచెం సర్దుకుపోతే ఎంత పైకి వెళ్ళేదో అని జాలిపడ్డవాళ్ళున్నారు. జాలి అక్కర్లేదు. ఆ మెట్టు ఆవిడ నుంచి ఎవరూ లాక్కోలేదు. ఖరీదు చెప్పించుకుని, విని, వద్దంది.

అయితే ఆ రోజు గదిలోంచి బయటికొచ్చినప్పుడు ఆవిడ మొహం కందిపోయి ఉంది. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు ఏం చెప్పాలో అన్న దిగులు అది. నా పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెట్టబోతే పట్టలేదు, జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను. మిల్లు సైరన్ మోగింది. ఆవిడ లేచింది. నేను లేచాను, త్రిమూర్తులు లేచాడు.

వెనకాల ఇంకో కుర్చీ కిర్రుమంది. భూషణం గారు. రూళ్ళకర్ర సొరుగులో పెట్టి, కోటు తగిలించుకుంటున్నారు. సగం తలుపుల కింద మేనేజరు గారి బూట్లు కనబడుతూనే ఉన్నాయి. కారు చెట్టు కిందే ఉంది.

"పదమ్మా, నేనూ ఉప్పల్ వైపేగా," అన్నారు సూర్యకళతో. చిల్కానగర్ మలుపుదాకా సైకిలు నడిపించుకుంటూ మాతోనే వచ్చారు. దారి పొడవునా మనవడి గురించే చెప్పారు. వాడు బోర్లా పడుతున్నాడట. మలుపు దగ్గర ఆగి, "మీ అమ్మగారితో నేనొచ్చి మాట్లాడనా?" అని అడిగారు.

"వద్దు సార్. తిడ్తది. నేను పడ్త," అంది సూర్యకళ. అప్పుడు నవ్వింది.

వాళ్ళమ్మ తిట్టింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టిఫిన్ డబ్బాలో రొట్టెతో పాటు సూర్యకళకు ఇష్టమైన చింతచిగురు పప్పు పెట్టింది. మాట్లాడ్డం మాత్రం ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టిందట, అది కూడా తిట్టడంతోనే.

జూలైలో కొత్త ట్రైనీలు వచ్చారు. అరుణకుమారి అని సన్నగా, బెదురుచూపుల పిల్ల ఒకతె నాగారం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మొదటి రోజు పొద్దున్నే సూర్యకళ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి సూర్యకళ కూడా ట్రైనీయే, ఆ పిల్లకూ ఆవిడకూ హోదాలో తేడా లేదు. ముద్రలెలా వెయ్యాలో చూపిస్తుంటే, ఆ పిల్ల బెరుగ్గా భూషణం గారి వైపు తిరిగి అడిగింది. "సార్, ఆఫీసు ఎన్నింటికైపోతుందండీ?"

హాలంతా తలెత్తింది. భూషణం గారు కిటికీ వైపు చూడలేదు.

"ఐదున్నరకమ్మా," అన్నారు.